చేతిలో డబ్బు లేనప్పుడు రక్షణ ఉత్తర్వు: పాఠకుల ప్రశ్నలు, న్యాయ సలహాలు

ఇంట్లో హింస గురించి బెంగళూరులోని తెలుగువారు రాసిన ఉత్తరాలను ఈ సంచికలో ఒకచోట చేర్చాం. దాదాపు అన్నింటిలోనూ ఒకటే దిగులు కనిపిస్తోంది. కోర్టు గడప తొక్కాలంటే ముందు డబ్బు కూడబెట్టుకోవాలి, అది చేతికి వచ్చేదాకా ఓర్చుకోవాలి అని చాలామంది అనుకుంటున్నారు. అలా ఓర్చుకోవలసిన అవసరం లేదు. ఉత్తరాలు రాసినవారి పేర్లను, వారిని గుర్తుపట్టే వివరాలను తొలగించాను.

ప్రశ్న: మాది కదిరి దగ్గర పల్లె. పెళ్లయిన కొత్తలోనే బెంగళూరు వచ్చి బొమ్మనహళ్లిలో అద్దెకు ఉంటున్నాం. నేను నాలుగిళ్లలో పాచిపని చేస్తాను, మా ఆయన ఒక కంపెనీలో డ్రైవరు. తాగి వచ్చి నన్ను, బడికి వెళ్లే బిడ్డను కొడతాడు. స్టేషన్‌కు వెళ్తే ఆయన్ను పిలిపించి మందలించి పంపారు. వారం తిరక్కముందే మళ్లీ మొదలైంది. నేను పనిచేసే ఇంటి మేడమ్ 'రిస్ట్రైనింగ్ ఆర్డర్' తెచ్చుకోమన్నారు. వకీలును అడిగితే ముందు పాతిక వేలు కట్టమన్నారు. నా దగ్గర చెవి కమ్మలు, పుస్తెలు తప్ప ఏమీ లేవు. వాటిని కుదువ పెట్టి కేసు వేయమంటారా?

జవాబు: కుదువ పెట్టకండి అమ్మా. ఆ బంగారం మీకు రేపు అద్దెకో, బిడ్డ మందులకో పనికొస్తుంది. వకీలు ఫీజుకు దాన్ని పోగొట్టుకోవలసిన అవసరం చట్టప్రకారం మీకు లేదు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ఉచిత న్యాయ సహాయం ఎవరికి అందాలో చెబుతూ, మహిళలను ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ జాబితాలో చేర్చింది. మీరు పేదవారని రుజువు చేసుకోనక్కర లేదు, ఆదాయ ధ్రువపత్రం కోసం తాలూకా ఆఫీసు చుట్టూ తిరగనక్కర లేదు. మీరు స్త్రీ కావడమే చాలు. వకీలు ఫీజుతో పాటు కోర్టు ఫీజు, నోటీసుల ఖర్చు, అర్జీ తయారీ, కాగితాల అనువాదం, ఉత్తర్వుల నకళ్ల ఖర్చు కూడా ఆ సహాయంలోనే వస్తాయి.

మీ మేడమ్ చెప్పిన రిస్ట్రైనింగ్ ఆర్డర్ పేరుతో మన చట్టంలో ఏదీ లేకపోయినా, మీకు కావలసినది మాత్రం ఉంది. అది గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం కింద మేజిస్ట్రేట్ ఇచ్చే రక్షణ ఉత్తర్వు. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న ఈ చట్టంలోని 18వ సెక్షన్ కింద మీ భర్త మిమ్మల్ని, మీ బిడ్డను కొట్టకూడదనీ, మీరు పనిచేసే ఇళ్ల దగ్గరికి, బిడ్డ చదివే బడి దగ్గరికి రాకూడదనీ, ఫోను ద్వారా గాని, మనుషులను పంపి గాని మిమ్మల్ని వేధించకూడదనీ మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. కొట్టడమే కాకుండా తిట్టి అవమానించడం, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం, మీ కూలి డబ్బులు లాక్కోవడం, మీ నగలు అమ్ముకోవడం కూడా ఈ చట్టం దృష్టిలో హింసే. కనుక అర్జీలో దెబ్బల సంగతి ఒక్కటే రాయించి మిగతావి వదిలేయకండి.

ఇక ఎక్కడికి వెళ్లాలన్నది. కర్ణాటకలో మహిళా, శిశు అభివృద్ధి శాఖకు చెందిన శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారులే, అంటే అందరూ సీడీపీఓ అని పిలిచే అధికారులే, ఈ చట్టం కింద రక్షణాధికారులుగా పనిచేస్తారు. అంగన్‌వాడీలన్నీ ఆ ఆఫీసు కిందే నడుస్తాయి. మీ వీధిలోని అంగన్‌వాడీ టీచరును అడిగితే ఆ ఆఫీసు ఎక్కడుందో చెబుతారు. ఆమెను అడగడం వల్ల మీకు ఇంకో మేలు ఉంది. అంగన్‌వాడీకి వెళ్లిన ఆడమనిషిని ఇంట్లో ఎవరూ అనుమానించరు. రక్షణాధికారి మీరు చెప్పినదంతా గృహహింస నివేదిక అనే నమూనాలో రాసి మేజిస్ట్రేట్‌కు పంపాలి, కావాలంటే అర్జీ కూడా పెట్టించాలి, న్యాయ సహాయం అందేలా చూడాలి, గాయాలుంటే వైద్య పరీక్ష చేయించాలి, తల దాచుకోవడానికి చోటు లేకపోతే ఆశ్రయ గృహంలో చేర్చాలి. ఇవన్నీ ఆ అధికారికి చట్టం అప్పగించిన బాధ్యతలు. వీటిలో దేనికీ మీ దగ్గర రూపాయి అడగకూడదు.

ఆ ఆఫీసులో పని సాగకపోతే నేరుగా న్యాయ సేవల సంస్థకు వెళ్లండి. కర్ణాటక రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికార సంస్థ హెచ్. సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనంలో ఉంది. జిల్లా స్థాయిలోనూ ఇలాంటి సంస్థ ఉంది, దానికి జిల్లా న్యాయమూర్తి అధ్యక్షులు. 15100 నంబరుకు ఫోన్ చేసి కూడా విషయం చెప్పవచ్చు. చదువు రాదని వెనుకాడవద్దు. రాయలేనివారు నోటితో చెబితే అక్కడివారే రాసుకుని వేలిముద్ర తీసుకోవాలని నిబంధనలున్నాయి. రక్షణాధికారి నివేదిక లేనిదే కోర్టు అర్జీ తీసుకోదని కొందరు మిమ్మల్ని తిప్పి పంపవచ్చు, కాని అది నిజం కాదు. బాధితురాలు నేరుగా అర్జీ పెట్టుకున్నప్పుడు ఆ నివేదిక తప్పనిసరి కాదని ప్రభా త్యాగి కేసులో 2022 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఉచిత వకీలు సరిగా పట్టించుకోరన్న మాట మీరు వినే ఉంటారు. అలాంటివారు లేరని నేను అనను. శ్రద్ధగా పనిచేసేవారు చాలామంది ఉన్నారన్నది కూడా అంతే నిజం. మీ వకీలు వాయిదాలకు రాకపోయినా, టీ ఖర్చులనో టైపింగు ఖర్చులనో మీ దగ్గర డబ్బు అడిగినా, న్యాయ సేవల సంస్థ కార్యదర్శికి ఒక కాగితం రాసి ఇవ్వండి. ఆ కార్యదర్శి కూడా న్యాయాధికారే. వేరే వకీలును నియమించమని కోరే హక్కు మీకుంది. ఉచితంగా చేస్తున్నారు కదా, ఏమనగలం అని ఊరుకోకండి. ఆ వకీలుకు గౌరవ వేతనం ఆ సంస్థే చెల్లిస్తుంది.

మీ అర్జీలో అన్నిటికంటే ముఖ్యమైనది మధ్యంతర ఉత్తర్వు. చట్టం ప్రకారం అర్జీ అందాక మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి విచారణ జరగాలి, ఆ విచారణ నుంచి 60 రోజుల్లో కేసు ముగించడానికి కోర్టు ప్రయత్నించాలి. ఆ 60 రోజుల గడువు అన్ని కేసుల్లోనూ నిలబడదు. వాయిదాలు పడతాయి, నోటీసు తీసుకోకుండా భర్త తప్పించుకు తిరుగుతాడు. అందుకే 23వ సెక్షన్ ఉంది. హింస జరిగింది, ఇంకా జరిగే ప్రమాదం ఉంది అని మీరు ప్రమాణ పత్రం, అంటే అఫిడవిట్ ఇస్తే, భర్త రాకముందే, అతని మాట వినకముందే, మేజిస్ట్రేట్ తాత్కాలిక రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. అఫిడవిట్‌ను అర్జీతో పాటే దాఖలు చేయమని మీ వకీలుకు గట్టిగా చెప్పండి. అది లేకుండా అర్జీ వేస్తే మొదటి నెల ఊరికే పోతుంది, ఆ నెలే మీకు అన్నిటికంటే ప్రమాదకరమైనది.

డబ్బు సంగతి కూడా ఆ అర్జీలోనే తేల్చుకోవాలి. చాలామంది కొట్టకుండా ఉంటే చాలని రక్షణ ఉత్తర్వు ఒక్కటే అడిగి, తర్వాత అద్దె కట్టలేక మళ్లీ ఆ ఇంటికే చేరుతున్నారు. 19వ సెక్షన్ కింద మిమ్మల్ని ఇంట్లోంచి గెంటకూడదని, లేదా వేరే ఇంటి అద్దె అతనే కట్టాలని అడగవచ్చు. మీ పుట్టింటివారు పెట్టిన నగలు, సామాను తిరిగి ఇప్పించమని అడగవచ్చు. 20వ సెక్షన్ కింద మీకు, బిడ్డకు నెలనెలా పోషణ ఖర్చు, ఆస్పత్రి ఖర్చు అడగవచ్చు. మీ ఆయన కంపెనీలో జీతానికి పనిచేస్తున్నాడు కాబట్టి మీకు ఇంకో వెసులుబాటు ఉంది. ఉత్తర్వు ప్రకారం అతను డబ్బు ఇవ్వకపోతే, అతని జీతంలో కొంత నేరుగా మీకు చెల్లించమని లేదా కోర్టులో జమ చేయమని యజమానినే మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. అందుకే కంపెనీ పేరు, చిరునామా, వీలైతే ఒక పాత జీతం చీటీ ఫోటో తీసి పెట్టుకోండి. పోషణ ఖర్చును అర్జీ పెట్టిన తేదీ నుంచి లెక్కగట్టాలని 2020 నవంబరులో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక డబ్బు కూడేదాకా ఆగిన ప్రతి నెలా మీకు రావలసిన డబ్బులోనే కోత పడుతుంది. ఆ తీర్పు ప్రకారమే మీ ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం తెలిపే అఫిడవిట్ ఇవ్వాలి. మీకు ఏ ఆస్తీ లేకపోయినా, లేదనే రాసి దాఖలు చేయాలి.

సాక్ష్యాలకు కూడా డబ్బు అక్కర్లేదు. దెబ్బ తగిలిన రోజు బౌరింగ్, విక్టోరియా లాంటి ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి, ఎవరు కొట్టారో డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మెట్ల మీంచి పడ్డానని చెప్పకండి, ఎందుకంటే ఆ ఒక్క మాట చీటీలో పడితే తర్వాత మీ మీదికే వస్తుంది. ఓపీ చీటీ, గాయాల ఫోటోలు, బెదిరింపు వాయిస్ మెసేజ్‌లు, స్టేషన్‌లో మీరిచ్చిన ఫిర్యాదుకు ఇచ్చిన ఎండార్స్‌మెంట్ లేదా రసీదు కాపీ, అన్నిటినీ ఫోటో తీసి అక్కకో చెల్లెలికో పంపి ఉంచండి. మీ ఫోను అతని చేతికి చిక్కినా అవి భద్రంగా ఉంటాయి. ఏ సాక్ష్యం లేకపోయినా అర్జీ పెట్టవచ్చు. మీ మాట కూడా సాక్ష్యమే.

స్టేషన్‌లో మందలించి పంపడం గురించి, కౌన్సెలింగ్ గురించి ఒక మాట చెప్పాలి. ఇన్‌ఫాంట్రీ రోడ్డులోని పోలీసు కమిషనరు కార్యాలయంలో ఉన్న వనితా సహాయవాణి ఎందరో స్త్రీలకు అండగా నిలిచింది, 1091కి ఫోన్ చేసి సాయం అడగవచ్చు. అయితే మందలింపు ఉత్తర్వు కాదు. దాన్ని దాటితే శిక్ష లేదు. మీ విషయంలో అది ఒకసారి విఫలమైంది కాబట్టి, ఇంకోసారి రాజీకి కూర్చోమంటే ఆ కూర్చోవడం మీ అర్జీని ఆపకూడదని నా అభిప్రాయం. అవసరమనుకుంటే కోర్టే కౌన్సెలింగ్‌కు పంపుతుంది, అప్పుడు మధ్యంతర ఉత్తర్వు మీ చేతిలో ఉంటుంది.

ఇంత చెప్పినా మీకు కొంత ఖర్చు తప్పదు. వాయిదా రోజు పనికి వెళ్లకపోతే ఆ ఇళ్లవాళ్లు జీతం కోయవచ్చు. ప్రతి వాయిదాకూ మీరు రావాలా, వకీలు హాజరైతే సరిపోతుందా అని మొదటి రోజే అడగండి. సాక్ష్యం చెప్పే రోజు, కోర్టు రమ్మన్న రోజు తప్ప మిగతా వాయిదాలకు మేజిస్ట్రేట్ అనుమతితో మినహాయింపు దొరకవచ్చు. మీ ఆధార్‌లో కర్ణాటక చిరునామా ఉంటే శక్తి పథకం కింద బీఎంటీసీ మామూలు బస్సుల్లో ఛార్జీ కట్టకుండా వెళ్లవచ్చు. కదిరి చిరునామాయే ఉండిపోతే ఆ సౌకర్యం రాదు. మన ఊళ్ల నుంచి వచ్చిన ఎందరో ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఇక్కడ ఉంటూ కూడా ఈ ఒక్క కారణంతో ఛార్జీ పెట్టి తిరుగుతున్నారు. చిరునామా మార్పించుకునే వీలుంటే మార్పించుకోండి.

నోటీసు భర్తకు అందిన రోజు రాత్రి జాగ్రత్తగా ఉండండి. ఆ రోజు బిడ్డతో అక్క ఇంట్లోనో, నమ్మకమైన పొరుగింట్లోనో ఉండేలా ముందే మాట్లాడి పెట్టుకోండి. ఎవరూ లేకపోతే 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రానికి చేరుస్తారు, అక్కడ కొద్ది రోజులు ఉండే ఏర్పాటు ఉంటుంది. మీద పడితే 112కు చేయండి.

ప్రశ్న: నాది అనంతపురం, అత్తవారిల్లు హోసూరు. భర్త, అత్తగారు, ఆడబిడ్డ కలిసి పెట్టిన బాధలు పడలేక రెండేళ్ల కిందట కె.ఆర్.పురంలో ఉన్న చిన్నాన్న ఇంటికి వచ్చాను. ఇప్పుడు అతను ఇక్కడికే వచ్చి గొడవ చేస్తున్నాడు. తమిళనాడులో జరిగినదానికి బెంగళూరులో కేసు నడవదనీ, రెండేళ్లు దాటితే అసలు చెల్లదనీ తెలిసినవారు అంటున్నారు. నాకు కన్నడం మాట్లాడటం కొద్దిగా వచ్చు, చదవడం రాదు. పెళ్లి గుళ్లో జరిగింది, రిజిస్టరు చేయించలేదు.

జవాబు: తెలిసినవారు చెప్పినవి రెండూ సరికావు. బాధితురాలు తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా అర్జీ పెట్టవచ్చని ఈ చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. మీరు చిన్నాన్న ఇంట్లో ఉంటున్నారు కాబట్టి ఇక్కడి మేజిస్ట్రేట్ దగ్గరే అర్జీ పెట్టుకోవచ్చు. హోసూరు బస్సు ఛార్జీలు, అక్కడ ఉండటానికి అయ్యే ఖర్చు మీకు తప్పుతాయి. ఇక్కడ ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా అమలవుతుంది, అంటే హోసూరు పోలీసులు కూడా దాన్ని పాటించాలి. కాలదోషం సంగతికి వస్తే, ఈ చట్టం కింద పెట్టే అర్జీకి నేరాలకు వర్తించే ఏడాది గడువు వర్తించదని 2022 ఏప్రిల్‌లో కామాక్షి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అతను ఇప్పుడు చిన్నాన్న ఇంటి ముందు చేస్తున్న గొడవ కొత్త హింస కాబట్టి దాన్ని తేదీలతో సహా రాయించండి.

అత్తగారిని, ఆడబిడ్డను కూడా ప్రతివాదులుగా చేర్చవచ్చు. ప్రతివాది 'వయోజన పురుషుడు' అయి ఉండాలన్న మాటలను 2016లో హీరల్ హర్సోరా కేసులో సుప్రీంకోర్టు చట్టం నుంచి తొలగించింది. అయితే చేర్చవచ్చు కదా అని బంధువులందరి పేర్లూ రాయించవద్దు. ప్రతి పేరుకూ ఒక నోటీసు, ఒక్కొక్కరికి ఒక వకీలు, ఒక్కొక్కరి జవాబుకు ఒక వాయిదా. మిమ్మల్ని నిజంగా బాధపెట్టినవారికే పరిమితమైతే మధ్యంతర ఉత్తర్వు త్వరగా వస్తుంది.

పెళ్లి రిజిస్టరు కాకపోవడం అడ్డంకి కాదు. పెళ్లి ఫోటోలు, శుభలేఖ, గుడి రసీదు, ఇద్దరి పేర్లూ ఉన్న రేషన్ కార్డు, బిడ్డ జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు, వీటిలో ఏది ఉన్నా చూపించండి. భాష గురించి భయపడకండి. ఇక్కడి కోర్టుల్లో అర్జీలు కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి, మీరు మాత్రం తెలుగులోనే చెప్పుకోవచ్చు. తెలుగు మాట్లాడే వకీలును ఇవ్వమని న్యాయ సేవల సంస్థలో మొదటే అడగండి. బెంగళూరులో అలాంటివారికి కొదవ లేదు. కాగితం మీద సంతకం పెట్టే ముందు అందులో ఏముందో తెలుగులో చదివి చెప్పించుకోండి. కొట్టాడని మీరు చెప్పింది అర్జీలో గొడవపడ్డాడని మారితే తర్వాత దాన్ని సరిదిద్దడం చాలా కష్టం.

ఇంకొక చిన్న విషయం. బెంగళూరులో ఏళ్లుగా ఈ అర్జీలు చాలావరకు ట్రాఫిక్ కోర్టు అన్న పేరున్న మేజిస్ట్రేట్ కోర్టుల ముందుకే వెళ్లేవి. ఆ పేరున్న కాగితం చేతికొస్తే తప్పు చోటికి వచ్చామని కంగారు పడకండి.

ప్రశ్న: నేను మారతహళ్లి దగ్గర సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. జీతం బాగానే వస్తుంది, కాని ఖాతా, కార్డు, ఫోన్‌పే అన్నీ భర్త చేతిలోనే ఉన్నాయి. ఆఫీసు క్యాబ్ తప్ప నా చేతిలో రూపాయి ఉండదు. ఇంటి నుంచి బయటికి రావాలన్నా డబ్బు లేదు. సంపాదించే ఆడదానికి ఉచిత న్యాయ సహాయం అడిగే హక్కు ఉంటుందా? అడిగితే నవ్వుతారేమో.

జవాబు: ఉంటుంది. చట్టం మీ జీతాన్ని అడగదు. నవ్వితే తప్పు నవ్వినవారిది. మీ సంపాదన మీకు దక్కకుండా చేయడాన్ని ఈ చట్టం ఆర్థిక హింస అని పేరు పెట్టి మరీ చెప్పింది. కనుక జీతం ఉన్నా చేతిలో డబ్బు లేదన్న మీ మాటే మీ కేసుకు ఆధారం అవుతుంది.

అయితే మీ విషయంలో కోర్టు కంటే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. మీ ఒక్కరి పేరు మీదే, ఇంటి చిరునామాకు ఉత్తరాలు రాకుండా, వేరే బ్యాంకులో కొత్త ఖాతా తెరిచి, జీతాన్ని ఆ ఖాతాలో వేయమని కంపెనీ హెచ్‌ఆర్‌కు రాసివ్వండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. జీతం పడే రోజుకు కొద్దిగా ముందు ఈ మార్పు జరిగేలా చూసుకోండి, ఎందుకంటే ఖాతా మారిందని తెలిసిన రోజు ఇంట్లో గొడవ తప్పదు. ఆ రోజుకు మీరు ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించుకోవాలి. పాత ఖాతా స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్ చేసి, భర్తకు తెలియని ఈమెయిల్‌లో పెట్టుకోండి. డబ్బు ఎటు పోయిందో చెప్పే ఆ లెక్కలు కోర్టులో మీకు బలమైన సాక్ష్యం. ఉమ్మడి ఖాతాలను, లాకరును ఖాళీ చేయకూడదని కూడా రక్షణ ఉత్తర్వులో అడగవచ్చు. ఇల్లు అత్తమామల పేరు మీద ఉందని మిమ్మల్ని భయపెడుతున్నారేమో. మీరు కాపురం చేసిన ఇల్లు అత్తమామలదైనా, అక్కడ ఉండే హక్కును అడగవచ్చని 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రశ్న: నా వయసు 64. భర్త పోయారు. యలహంకలో ఆయన కట్టిన ఇంట్లో కొడుకుతో ఉంటున్నాను. ఇల్లు రాసివ్వమని కొడుకు తిడుతున్నాడు, ఒకసారి చేయి చేసుకున్నాడు కూడా. కోడలి మీద కేసులు వింటాం గాని, తల్లి కొడుకు మీద కేసు పెట్టవచ్చా అమ్మా?

జవాబు: పెట్టవచ్చు తల్లీ. గృహహింస చట్టం భార్యలకే కాదు, ఒకే ఇంట్లో ఉంటున్న తల్లులకు, అక్కచెల్లెళ్లకు కూడా వర్తిస్తుంది. పైన రాసినవన్నీ మీకూ అందుతాయి. దీనికి తోడు 60 ఏళ్లు దాటినవారి కోసం 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. దాని కింద సబ్ డివిజన్ స్థాయిలో అసిస్టెంట్ కమిషనరు అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకుంటే, వకీలు లేకుండానే మీ మాట వింటారు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ఆ ట్రిబ్యునల్‌కు ఉంది. 14567 వృద్ధుల సహాయ నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

నేను మిమ్మల్ని గట్టిగా కోరేది ఒకటే. ఈ గొడవ తేలేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు ఎవరి వెంటా వెళ్లకండి. రాసిచ్చేస్తే మారతాడని ఆశ కలుగుతుంది, కాని ఇల్లు చేయి దాటితే మీకు ఉన్న ఒక్క ఆధారం కూడా పోతుంది. కన్నకొడుకు జైలుకు పోతాడేమో అన్న బెంగ కూడా మీకు ఉంటుంది. రక్షణ ఉత్తర్వు అడిగినంత మాత్రాన ఎవరూ జైలుకు వెళ్లరు. దాన్ని మీరితేనే శిక్ష.

ప్రశ్న: బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటున్నాను. వెనుకటి కంపెనీలో పనిచేసిన సహోద్యోగి రోజూ పీజీ ముందు నిలబడి, కొత్త నంబర్ల నుంచి మెసేజ్‌లు పెడుతున్నాడు. ఇంట్లో చెప్తే ఉద్యోగం మానిపించి ఊరికి తీసుకెళ్తారు. నేను రక్షణ ఉత్తర్వు అడగవచ్చా?

జవాబు: అతను మీ బంధువు కాదు, మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉండలేదు కాబట్టి గృహహింస చట్టం మీకు వర్తించదు. మీ దారి పోలీసు ఫిర్యాదు. వెంటపడి వేధించడం భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారి రుజువైతే మూడేళ్ల వరకు జైలు. ఎఫ్‌ఐఆర్ నమోదుకు, దాని కాపీకి డబ్బు కట్టనక్కర లేదు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. తమ పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి పంపాలి. పీజీ యజమానిని సీసీ కెమెరా దృశ్యాలు చెరిపేయకుండా ఉంచమని ఇవాళే అడగండి, చాలాచోట్ల అవి కొద్ది రోజులకే చెరిగిపోతాయి. మెసేజ్‌లకు జవాబివ్వకండి, తొలగించకండి. అతను మీ దగ్గరికి రాకుండా సివిల్ కోర్టు నుంచి నిషేధ ఉత్తర్వు కోరాలనుకున్నా, స్త్రీగా మీకు న్యాయ సహాయం ఉచితమే. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది మీ నిర్ణయం. ఎఫ్‌ఐఆర్‌కు తల్లిదండ్రుల సంతకం అవసరం లేదు.

ప్రశ్న: మా అక్కకు నెల కిందట రక్షణ ఉత్తర్వు వచ్చింది. అయినా బావ తాగి వచ్చి తలుపులు బాదుతున్నాడు, ఇమ్మన్న డబ్బు ఇవ్వడం లేదు. స్టేషన్‌లో కోర్టుకే వెళ్లమంటున్నారు. మళ్లీ ఖర్చు పెట్టుకుని కేసు వేయాలా?

జవాబు: తలుపులు బాదడం, డబ్బు ఇవ్వకపోవడం రెండూ వేర్వేరు సంగతులు. దగ్గరికి రాకూడదన్న ఉత్తర్వును మీరడం 31వ సెక్షన్ కింద నేరం, దానికి ఏడాది వరకు జైలు లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇది పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం, నాన్ బెయిలబుల్ కూడా. మీ అక్క ఒక్కరి సాక్ష్యం మీదే కోర్టు దోషిగా తేల్చవచ్చు. కనుక కోర్టుకే వెళ్లమనడం సరికాదు. ఉత్తర్వు కాపీని కోర్టు ఆ స్టేషన్‌కు ఉచితంగా పంపాలని చట్టంలో ఉన్నా, ఒక్కోసారి ఆ కాగితం స్టేషన్‌కు చేరి ఉండదు. మీరే ఒక కాపీ తీసుకెళ్లి ఇచ్చి, రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర, తేదీ వేయించుకోండి. ఫిర్యాదులో మామూలు గొడవ అని రాయకుండా, ఫలానా తేదీ ఉత్తర్వును మీరాడు, 31వ సెక్షన్ కింద చర్య తీసుకోండి అని రాయండి. అప్పటికీ తీసుకోకపోతే డీసీపీకి, అంటే డిప్యూటీ పోలీసు కమిషనరుకు, రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రక్షణాధికారికి ఒక కాపీ ఇవ్వండి. ఉత్తర్వు మీరారన్న విషయాన్ని ఆ అధికారికి చెబితే వారు కూడా మేజిస్ట్రేట్ దృష్టికి తీసుకువెళ్లాలి.

డబ్బు విషయంలో అదే కోర్టులో వసూలు అర్జీ వేయాలి. అక్కకు ఇంతకుముందు ఉచిత వకీలు ఉంటే ఆ సహాయం దీనికీ వర్తిస్తుంది, ప్రైవేటు వకీలు ఉంటే ఇప్పుడైనా న్యాయ సేవల సంస్థకు మారవచ్చు. బావ పైకోర్టులో అప్పీలు వేశానని చెప్పి బెదిరిస్తుంటే, స్టే, అంటే ఉత్తర్వును నిలిపివేసే ఆదేశం, వచ్చిందా అని అడగండి. అప్పీలుకు గడువు 30 రోజులు, అప్పీలు వేసినంత మాత్రాన ఉత్తర్వు ఆగదు. స్టే కాగితం చూపించలేకపోతే, అక్క ఆ ఉత్తర్వును రద్దు చేయమని తానే కోరేదాకా అది అమలులో ఉన్నట్టే.